ఒకటి చాలన్న మనిషి

పోయిన నెల కాలేజీ పనికని నంద్యాలలో కొత్త లాప్‌టాప్ కొన్నాను. షాపతను డబ్బా విప్పి, అన్నీ చూపించి, ఆఖరికి అడిగాడు. "సార్, దీంట్లో యాంటీవైరస్ ఒకటి ఊరికే వస్తాది. దాని మీద ఇంకోటి మంచిది వేయమంటారా? అందరూ వేయించుకుంటాండారు."

అవుననో వద్దనో ఒక ముక్క చెప్తే అయిపోయే ప్రశ్న. నాకు మాత్రం దానికి జవాబు చెప్పే మనిషి అదే వీధిలో నాలుగు షాపుల అవతల ఉండేవాడు. ఆ షాపు మూతబడ్డాక కూడా దాని ముందు నుంచి పోవాల్సి వస్తుందని నేను మూడేళ్లుగా ఆ వీధిలోకే రావడం మానేశాను. ఆ రోజు కూడా వెనక సందులోంచి వచ్చాను.

"ఈడ టైపు సార్ అని ఉండేవారు. ఇప్పుడెట్లా ఉన్నారు?" అని అడిగాను.

"ఆ సారా? పోయి నెలన్నర అయింది సార్. గుండెనొప్పి. మీకు తెలిసినాయనా?"

తెలిసినాయనే. చేతికొచ్చిన పని పోగొట్టి ఆయన పొట్ట కొట్టింది నేనే. ఆ మాట షాపతనికి ఎందుకు చెప్తాను? రెండోది వద్దని చెప్పి, డబ్బా చంకలో పెట్టుకుని బయటికొచ్చాను. రోడ్డు మీద చాలాసేపు యాడికి పోవాలో తెలియలేదు.

ఆయన నాకు మొదట టైపు నేర్పిన గురువు. తొంభైల్లో నంద్యాలలో వీధికో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఇంటరైపోయిన ఎండాకాలంలో నేను రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చి ఆయన దగ్గర నేర్చుకున్నాను. మేడ మీద గది, అందులో పన్నెండు మిషన్లు. మెట్లెక్కగానే ఒక తొట్టి, మగ్గు, ఎర్ర సబ్బు ముక్క. చేతులు కడుక్కోనిదే ఎవరినీ లోపలికి రానిచ్చేవాడు కాదు. కడుక్కున్నామంటే నమ్మేవాడా అంటే అదీ లేదు. చెయ్యి పట్టుకుని వాసన చూసేవాడు.

"ఉగ్గాని, బజ్జి తినొచ్చినావు గదా. పో, మళ్లీ కడుగు."

"కడిగినా సార్."

"నీళ్లతో కడిగినావు. సబ్బుతో కడుగు. నీ నూనె నీ తర్వాత కూచునేటోనికి ఎందుకప్పా?"

మేము కొట్టేటప్పుడు మా చేతుల మీద తువ్వాలు కప్పేవాడు. అక్షరాల వైపు చూడకూడదు. "చూడాకు. వేలికి తెలియాల" అనేవాడు. పక్కన నిలబడి కళ్లు మూసుకుని చప్పుడు వినేవాడు. పన్నెండు మిషన్లు ఒక్కసారి మోగుతుంటే అందులో నా తప్పు ఎట్లా వినబడేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. "నాలుగో మిషను, ఏదో మింగినావు" అని కళ్లు తెరవకుండానే చెప్పేవాడు. కాయితం తీసి చూస్తే ఒక అక్షరం తక్కువ ఉండేది.

తరువాత కంప్యూటర్లు వచ్చాయి. ఆయన పన్నెండు మిషన్లూ పాత ఇనుప సామాన్లోళ్ల పాలయ్యాయి. అప్పటికి నలభై ఐదు దాటిన మనిషి, పిల్లల మధ్య బెంచీ మీద కూచుని కంప్యూటరు నేర్చుకుంటుంటే నంద్యాలలో నవ్వనివాళ్లు లేరు. నేనూ నవ్వాను. రెండేళ్లకు కింద వీధిలో చిన్న రిపేరు షాపు పెట్టాడు. తొట్టి, మగ్గు, సబ్బు ముక్క కూడా మేడ దిగి వచ్చాయి.

ఎవరు ఏ మిషను తెచ్చినా ముందు తెరిచేవాడు కాదు. ముందు ఆ మనిషిని తెరిచేవాడు. అడిగేవి మూడే ప్రశ్నలు. దీన్ని ఎవరెవరు ముట్టుకుంటారు? నీ పెన్‌డ్రైవ్ యాడ యాడ పెడతావు? ముఖ్యమైనవి ఇంకో తావున కాపీ చేసి పెట్టుకున్నావా? వచ్చినాయన తలగోక్కుంటూ జవాబు చెప్తుంటే ఈయన టైపు క్లాసులో లాగే కళ్లు మూసుకుని వినేవాడు. మిషను పాడైందని ఎప్పుడూ అనడు, "అలిగిందిలే" అంటాడు. వైరస్ కనబడితే, "మీ ఇంటికి ఎవురో కొత్తోళ్లు వచ్చినారే" అంటాడు.

ఒకసారి నేను అక్కడ ఉండగానే ఒక సిమెంటు వ్యాపారి వచ్చాడు. యాంటీవైరస్‌లు మూడు వేయమన్నాడు.

"ఒకటి ఉండాది గదప్పా. ఇంకా ఎందుకు?"

"నాకు భయం సార్. మూడుంటే నిమ్మళంగా ఉంటాది."

"ఒక గోడౌనుకి ముగ్గురు కాపలావాళ్లను పెట్టినావనుకో. ఒకడు ఇంకొకణ్ణి దొంగ అని పట్టుకుంటాడు. మూడోవాడు ఇద్దరినీ పట్టుకుంటాడు. సరుకు చూసేవాడు యాడుంటాడు? ఒకటి చాలు. దాన్ని దినామూ కొత్త చేసుకుంటా ఉండు. ముఖ్యమైనవి సీడీలో కొట్టి బీరువాలో పెట్టుకో. పో."

"వేస్తే నీకు నాలుగు దుడ్లు వస్తాయి గదా సార్?"

"వస్తాయి. రేపు అది అలిగితే మళ్లీ నా దగ్గరికే తెస్తావు. అప్పుడు ఏ మొగం పెట్టుకోని చూడాల నిన్ను?"

వ్యాపారి గొణుక్కుంటూ వెళ్లిపోయి పక్క షాపులో వేయించుకున్నాడు. ఇట్లా ఎంతమందిని తోలేశాడో. బేరం చేయడం చేతగాని మనిషని నాకు ఆయన మీద విసుగు. చదువుకున్నవాణ్ణి, కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి, నాకు తెలియదా అనే పొగరు కూడా ఉండేది.

ఇంక మా అన్న సంగతి చెప్పాలి. అన్న ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కుతాడు. ఆ పనిలో ఒక బాధ ఉంది. ఆరు నెలలు ఒక రాయితో కాపురం చేసినట్టు చేస్తారు, ఒకరోజు లారీ వచ్చి ఎత్తుకుపోతుంది. మళ్లీ కంటికి కనబడదు. మా అన్నకు ఒక అలవాటు. విగ్రహం కళ్లు చెక్కేదాకా ఎవరినీ ఫోటో తీయనివ్వడు. కళ్లు పూర్తయ్యాక, గడ్డి చుట్టి లారీ ఎక్కించే లోపల, ఆ కాస్త వ్యవధిలో తనే నాలుగు ఫోటోలు తీసుకుంటాడు. డిజిటల్ కెమెరా కొన్నప్పటి నుంచీ తీసినవన్నీ, తరువాత కొన్న పాత లాప్‌టాప్‌లో ఉండేవి. అన్నకు దాన్ని తెరిచి ఫోటోలు చూడటం తప్ప ఇంకేమీ రాదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక షెడ్డులో కూచుని ఒక్కొక్కటే చూసుకునేవాడు. మిగతా పనులకు దాన్ని వాడేది నేనే.

కొన్న కొత్తలో దాన్ని టైపు సార్ దగ్గరికి తీసుకుపోయాం. ఆయుధపూజకు ఉలులతో పాటు దానికీ అన్న కుంకుమ పెట్టాడు, అది అక్షరాల సందుల్లోకి పోయింది. సార్ చిన్న కుంచెతో ఒక్కో సందూ దులుపుతూ, "దేవుణ్ణి పైన మూత మీద పెట్టుకోప్పా, లోపలికి పోనీయాకు" అన్నాడు. అన్న పగలబడి నవ్వాడు. ఆయన ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషి, మా అన్న దేవుళ్లను చెక్కే మనిషి. ఇద్దరికీ ఆ గంటలోనే కుదిరింది. ఆయన ఫోటోలన్నీ చూశాడు. ఒక నరసింహస్వామి దగ్గర ఆగి, "ఈ గోరు చెక్కేటప్పుడు ఊపిరి బిగబట్టింటావు" అన్నాడు. అన్న ఆ మాట ఊరంతా చెప్పుకున్నాడు.

ఉచితంగా వచ్చే యాంటీవైరస్ ఒకటి వేసి ఇచ్చాడు. ఇంకోటి వేయమని నేనే అడిగాను. వద్దన్నాడు. "దానికంటే ఫోటోలు సీడీల్లో కొట్టి పెట్టు. ఆ పని నీది. మీ యన్నకి రాదు" అని నాకు అప్పజెప్పాడు. సరే అన్నాను. ఆ వారం చేద్దామనుకున్నాను, తరువాత వారం అనుకున్నాను. ఏడాది గడిచింది.

కాలేజీ పరీక్ష పేపర్లు ప్రింటుకు తీసుకుపోయే నా పెన్‌డ్రైవ్ ఆళ్లగడ్డలో పెట్టని కంప్యూటరు లేదు. ఒకరోజు అన్న లాప్‌టాప్‌లో ఫోల్డర్లు నొక్కితే తెరుచుకోవడం మానేశాయి. మిషను నత్తలా నడుస్తోంది. అప్పుడు నంద్యాల పోవాలి గదా? పోలేదు. పెన్‌డ్రైవ్ యాడ పెట్టినావు, సీడీలు కొట్టినావా అని ఆయన అడుగుతాడు. నాకు ఆ ప్రశ్నలు వద్దు. స్టాఫ్‌రూములో ఒకాయన పెద్ద యాంటీవైరస్ దొంగ కాపీ సీడీ ఇచ్చాడు. ఉన్నదాన్ని తీయకుండా దాని మీదే వేశాను. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని మిషనును బిగదీసేశాయి. ఎట్లాగో మళ్లీ తెరిస్తే, వైరస్‌లు వందలకొద్దీ దొరికాయి, అన్నీ తీసేయమంటావా అని అడిగింది. తీసేయమన్నాను.

ఫోల్డర్లన్నీ మాయమయ్యాయి. ఒక్క ఫోటో లేదు.

దగ్గర్లో ఉన్న ఒక షాపుకు పరిగెత్తాను. అతను చూసి, "ఎట్లాగూ ఏమీ మిగల్లేదు గదా, మొత్తం తుడిచేసి కొత్తగా వేద్దాం" అన్నాడు. తుడిచేయించాను. కొత్త మిషనులా మెరిసిపోతున్నదాన్ని తెచ్చి షెడ్డులో పెట్టాను. అన్న అన్నం తిని చేతులు తుడుచుకుని తెరిచాడు.

"ఫోటోలు యాడరా?"

"వైరస్ తినేసిందన్నా."

"తినేసేదేంది? సార్ ఏదో వేసినాడు గదా?"

అప్పుడు ఆ మాట నా నోటినుంచి వచ్చింది. ఆలోచించి అన్నది కాదు. అట్లాగని నాలుక జారిన మాటా కాదు. "ఇంకోటి వేయమని నేను మొత్తుకున్నా. ఆయప్ప వేయనన్నాడు. ఆ ఉచితందే చాలన్నాడు. నువ్వూ విన్నావు గదా" అన్నాను.

అన్న విన్నాడు, అది నిజమే. నా మాటలో అబద్ధం ఒక్కటీ లేదు, అదే నా తెలివి. అన్న లాప్‌టాప్ మూసేశాడు. రెండు రోజులు ఉలి ముట్టలేదు.

ఒకసారి అన్నాక ఆ మాటను మోయక తప్పలేదు. స్టాఫ్‌రూములో చెప్పాను, బస్సులో చెప్పాను. నంద్యాలలో ఒక ప్రైవేటు కాలేజీ ఉంది. వాళ్ల ల్యాబు మొత్తం చూసుకునే పని ఆయనకు ఇవ్వబోతున్నారని నాకు తెలుసు. ఆ కాలేజీ పెద్దాయన ఒక పెళ్లిలో ఎదురై అడిగాడు. "ఆ టైపు సార్ ఎట్లాంటోడప్పా? మీకు బాగా తెలుసంట గదా?" అన్నాడు. మా అన్న పక్కనే ఉన్నాడు. నేను జరిగింది చెప్పాను, అంటే నేను చెప్పుకుంటూ వచ్చింది చెప్పాను. ఆయన తలాడించాడు. పని వేరేవాళ్లకు పోతుందని విన్నాను.

ఫోటోలు పోయిన నెలకు, నా మాటలు చెవిన పడ్డాయేమో, ఒక ఆదివారం టైపు సార్ ఆళ్లగడ్డ వచ్చాడు. ఆదివారం షాపు తెరవని మనిషి, చర్చి నుంచి నేరుగా బస్సెక్కినట్టున్నాడు, తెల్లచొక్కా ఇస్త్రీ నలగలేదు. షెడ్డు బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, రుమాలుతో తుడుచుకుని, లోపలికి వచ్చాడు. "ఒకసారి చూస్తానప్పా" అన్నాడు. అన్న చేత్తో లాప్‌టాప్ చూపించి పక్కకు నిలబడ్డాడు. ఆయన రాతి దిమ్మ మీద కూచుని తెరిచాడు. అక్కడా ఇక్కడా నొక్కాడు. విండోస్ ఎప్పుడు వేసిందీ చూశాడు. అది నాకు కనబడుతూనే ఉంది. తలెత్తి నన్నే అడిగాడు.

"దీన్ని ఎవురైనా తుడిచినారా?"

"లేదు సార్" అన్నాను.

ఆయన కళ్లు మూసుకున్నాడు. పన్నెండు మిషన్ల చప్పుడులో నా తప్పు విన్న మనిషి ఆయన. ఇప్పుడు చెప్పేస్తాడు, చెప్పేస్తే బాగుండు అని కూడా అనిపించింది. కళ్లు తెరిచి అన్న వైపు తిరిగాడు.

"పోయినాయప్పా. ఇంక నాతో కాదు. రెండోది వేయనన్నది నేనే, అది నిజం."

అన్న మొహం తిప్పుకుని రాయి వైపు చూస్తూ నిలబడ్డాడు. సార్ లేచి నమస్కారం పెట్టాడు. అన్న తిరిగి పెట్టలేదు.

బస్టాండు దాకా నేనే తోడు పోయాను. సగం దారిలో ఆయనే మొదలుపెట్టాడు. కోపం లేదు, క్లాసులో చెప్పినట్టే చెప్పాడు.

"ఆ వైరస్ ఫోల్డర్లని తినదప్పా. దాచిపెట్టి వాటి తావులో దొంగవి పెడతాది. యాంటీవైరస్ దొంగవాటిని తీసేసింటాది. అసలైనవి ఆడే ఉండింటాయి, కంటికి కనపడవు, అంతే. నా దగ్గరికి తెచ్చింటే పది నిమిషాల పని. తుడిచినాక గూడ వెంటనే తెచ్చింటే కొన్నైనా వచ్చిండేవి. నెల దినాలు దాని మీద ఏమేమో వేసినారు."

నేను నడుస్తూనే ఉన్నాను.

"మీ యన్న ముందర చెప్పలేదు. చెప్తే నువ్వు ఆ ఇంట్లో ఎట్ల తిరుగుతావు? నీకు చేతనైన రోజు నువ్వే చెప్పుకో. కానీ ఆ కాలేజీ ఆయనకి మాత్రం ఒక మాట చెప్పప్పా. వాళ్లు ఇంకా ఎవురికీ రాసియ్యలేదంట. షాపు బాడుగ కట్టలేకుండా ఉండా. ఆ పనొస్తే నిలబడతా."

"చెప్తా సార్. రేపే చెప్తా" అన్నాను.

"చెప్తావులే. నా దగ్గర నేర్చుకున్నోడివి" అని బస్సెక్కాడు.

చెప్పలేదు. రేపు ఎందుకు చెప్పలేదంటే, చెప్తే ఆ పెద్దాయన మా అన్నతో అంటాడని. ఎల్లుండి ఎందుకు చెప్పలేదంటే, నిన్న చెప్పలేదు గనక. ఆ తరువాత సాకులు వెతుక్కోవాల్సిన పని కూడా లేకపోయింది. ఆయన షాపు ఆ ఏడాదే సగమైంది, మరుసటి ఏడు పోయింది. రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట చెట్టు కింద బల్ల వేసుకుని దరఖాస్తులు టైపు చేస్తున్నాడని విన్నాను. ఒకసారి నంద్యాల బస్టాండులో ఎదురుపడ్డాడు. తప్పించుకునే దారి లేదు. "మీ యన్న బాగుండాడా?" అన్నాడు. బాగున్నాడన్నాను. "ఇప్పుడేం చెక్కుతాండాడు?" అన్నాడు. చెప్పాను. అంతే. కాలేజీ మాట ఎత్తలేదు. ఆయన అడిగి ఉంటే నేను ఇంకో అబద్ధం ఆడేవాణ్ణి.

ఆ రోజు కొత్త లాప్‌టాప్ చంకలో పెట్టుకునే ఆయన ఇల్లు వెతుక్కుంటూ పోయాను. ఆయన భార్య తలుపు తీసింది. ఆమె స్కూలు టీచరుగా చేసి రిటైరైంది. పేరు చెప్పగానే గుర్తుపట్టింది. కూచోమంది. నేను కూచోకుండానే, తప్పు నాదమ్మా అని మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు.

"నాకు తెలుసప్పా" అంది. "ఆదివారం ఆళ్లగడ్డ నుంచి వచ్చినారు గదా, వచ్చీరాగానే చెప్పినారు. పిల్లోడు భయపడినాడు, కానీ రేపు పోయి చెప్తానన్నాడు అన్నారు. సోమవారం షాపుకి పోలేదు. కాలేజోళ్లు ఫోన్ చేస్తే ఇంట్లో లేకుంటే ఎట్ల అని ఫోన్ కాడే కూచున్నారు. మంగళవారం గూడ పోలేదు."

ఆమె ఆగలేదు.

"ఆ వారమంతా నేను స్కూలు నుంచి వస్తానే అడిగేదాన్ని, ఫోన్ వచ్చిందా అని. తర్వాత అడగడం నేనే మానుకున్నా."

"ఇప్పుడైనా కాలేజీ ఆయనకు చెప్తానమ్మా."

"ఇప్పుడు ఆయనకి చెప్పి ఏం చేస్తావు? మీ యన్నకి చెప్పినావా?"

తలొంచుకున్నాను.

"ముందు ఆ పని చెయ్యి పో" అంది.

ఆళ్లగడ్డ బస్సులో ఆ గంటన్నరా ఏం చెప్పాలో వరసగా పేర్చుకున్నాను. షెడ్డులోకి పోయేసరికి వరస మిగల్లేదు. అన్న ఏదో రాయి మీద గీతలు గీస్తున్నాడు. నేను నిలబడే చెప్పాను. రెండోది వేసింది నేను, తుడిపించింది నేను, కాలేజీ పని పోగొట్టింది నేను, ఆయన నీ ముందర నన్ను కాపాడాడు, పోయి నెలన్నర అయింది. అన్న వింటూ సుద్దముక్క కింద పెట్టాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

"నేనాయప్పకి దండం గూడ తిరిగి పెట్టలేదురా" అన్నాడు. "అంత దూరం నుంచి వచ్చినాడు. నీళ్లు తాగుతావా అని గూడ అడగలేదు."

లేచి కుళాయి దగ్గర మొహం, చేతులు కడుక్కున్నాడు. దండెం మీది చొక్కా తీసి తొడుక్కున్నాడు. ఆయన ఇల్లు యాడని అడిగాడు. సందు, గుర్తులు చెప్పాను. "పద, నేనూ వస్తా" అని చెప్పులు వేసుకోబోయాను.

"నువ్వు రావాకు" అన్నాడు. నా వైపు చూడకుండానే బస్టాండు దారి పట్టాడు.